మే నెలలో చల్లనీళ్లు

మస్కట్‌లో ఏం ఉద్యోగం చేసేవారని ఎవరైనా అడిగితే జున్ను వండేదాన్ని అని చెబుతాను. మా అపార్ట్‌మెంట్‌లో బయోటెక్నాలజీ చదివే పిల్లలు ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్లు మొదట నవ్వి, తర్వాత అనుమానంగా చూస్తారు. అబద్ధమేమీ చెప్పడం లేదు. జున్నుపాలు పొయ్యి మీద పెడితే ఎందుకు గడ్డకడతాయి? అందులోని ప్రోటీన్లు వేడికి ఒకదాన్నొకటి పట్టుకుని, నీళ్లని మధ్యలో బంధించేస్తాయి. నేను ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో రిటైరయ్యేదాకా చేసిన పని అలాంటిదే. పేరు మాత్రం ప్రోటీన్ హైడ్రోజెల్.

తేడా ఒక్కటే. జున్ను మళ్ళీ పాలు కాదు. మాది అవుతుంది. ఫ్రిజ్‌లో ఉన్నంతసేపూ నీళ్లలా ఉంటుంది, ఒంటి వేడి తగిలితే గట్టిపడుతుంది, మళ్ళీ చల్లబరిస్తే కరిగి జారిపోతుంది. అందులో ముందే యాంటీబయాటిక్ కలిపి ఉంచుతాం. షుగర్ ఉన్నవాళ్ల కాళ్లకి మానని పుండ్లు పడతాయి చూడండి, ఆ గుంటలో దీన్ని పోస్తే మూలమూలకీ పాకి, అక్కడే గడ్డకట్టి, రెండు రోజులపాటు మందుని కొంచెం కొంచెంగా వదులుతుంది. మందు అయిపోయాక చల్లనీళ్లతో కడిగేస్తే నొప్పి లేకుండా పోతుంది. కట్టు ఊడబెరికినప్పుడు కొత్తగా పుట్టిన కండ కూడా దాంతోపాటు ఊడి వచ్చే బాధ ఉండదు. చుట్టూ ఉన్న వేడిని బట్టి నడుచుకుంటుంది కాబట్టి దీన్ని స్మార్ట్ జెల్ అంటారు. నేనైతే "మా పిల్ల" అనేదాన్ని. బాక్టీరియా చేత ఆ ప్రోటీన్ తయారు చేయించి, వడకట్టి, శుభ్రం చేసి ఒక చిన్న సీసా నింపేసరికి వారం పట్టేది. అంత చాకిరీ చేయించుకున్నదాని మీద మమకారం రాకుండా ఎలా ఉంటుంది?

ఆ ల్యాబ్‌కి పెద్ద మా ప్రొఫెసర్. ఒమానీ ఆవిడ, నాకంటే చాలా చిన్నది, కానీ గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. సొంతూరు ఖబూరా. అక్కడ సెలవులు శుక్ర, శనివారాలు కాబట్టి ప్రతి శుక్రవారం అమ్మని చూడ్డానికి వెళ్లి, ఆదివారం పనికి వస్తూ తోట నిమ్మకాయలు సంచీడు తెచ్చి నా బల్ల మీద పెట్టేది. నేను ఊరగాయ పెట్టి సగం ఆవిడకే ఇచ్చేదాన్ని. "మా చెట్టు కాయలకి నువ్వు కోపం నేర్పుతున్నావు" అంటూనే జాడీ ఖాళీ చేసేది. ఇక ఆస్పత్రిలో, కాలి పుండ్ల విభాగంలో మాకు దొరికిన మనిషి ఒక మలయాళీ సిస్టర్. నన్ను చేచీ అనేది, అంటే వాళ్ల భాషలో అక్క. రోగుల కాళ్లని ఒళ్లో పెట్టుకుని కట్టు కట్టేది. నోరు మాత్రం గట్టిది.

అనుమతులన్నీ వచ్చాక జెల్‌ని మొదటిసారి మనుషుల మీద వాడింది ఒక చలికాలంలో. మొదటి పూత క్లినిక్‌లో సిస్టర్ వేసి చూపిస్తుంది. తర్వాత ఇంట్లో ఎవరికి వాళ్లు పాత జెల్ కడుక్కుని, ఫ్రిజ్‌లో ఉన్న సిరంజితో కొత్తది పోసుకోవాలి. ఆ చలికాలం మాకు పండగలా గడిచింది. ఏ పుండు చూసినా అంచుల్లో గులాబీ రంగు. నేను ఇంటికొచ్చి మా ఆయనకి అన్నం వడ్డిస్తూ పుండ్ల సంగతులు చెప్పేదాన్ని. పాపం, కిక్కురుమనకుండా తినేవారు.

మే నెలలో అతను వచ్చాడు.

జెల్ మొదలుపెట్టిన రెండు వారాలకి సిస్టర్ ఫోన్ చేసి, "చేచీ, ఈయన మీ భాష మనిషి. హిందీలో ఎంత చెప్పినా తలూపుతాడు, ఇంటికెళ్లి చెయ్యడు. మీరొచ్చి నాలుగు తిట్టండి" అంది. తిట్టడానికి నన్ను పిలవడం అందరికీ అలవాటే. వెళ్లాను.

నలభై దాటిన మనిషి. జగిత్యాల వైపు నుంచి వచ్చి, మస్కట్ శివార్లలో, మబేలాలో రూమ్‌లో ఉంటూ ఒక కంపెనీలో టైల్స్ పరిచే పని చేస్తున్నాడు. ఎడమ కాలి బొటనవేలి కింద పుండు. చెప్పులో టైల్ ముక్క ఇరుక్కున్నా తెలియలేదట. షుగర్ వల్ల ఆ పాదానికి స్పర్శ లేదు. పుండు మీద మా జెల్ పొర మీద పొర పేరుకుపోయి ఉంది. అంచులు చిట్లి నెత్తురు కారుతోంది, చుట్టూ చర్మం కందిపోయింది. నా పిల్లని అలాంటి అవతారంలో నేనెప్పుడూ చూడలేదు.

"ఏం తమ్ముడూ, సిస్టర్ చెప్పినట్టు కడుగుతున్నావా లేదా?" అన్నాను.

తెలుగు వినగానే అతని మొహం ఒక్కసారి తేటపడింది. "కడుగుతున్న మేడమ్. ఒక్కపారి గూడ తప్పలే. సిస్టర్ ఎట్ల చెప్పిందో గట్లనే."

"మరి ఇదెందుకు పోలేదు?"

"గదే సమజైతలేదు. కడిగినకొద్ది గట్టిగైతున్నది. ఆఖరికి గోరుతోని గీకిన."

"గీకావా!" అని అరిచాను. కొత్త కండని గోరుతో గీకాడంటే నా ప్రాణం విలవిల్లాడింది. నా అరుపుకి అతను తల దించుకున్నాడు.

అలాగే మెల్లగా అడిగాడు. "మేడమ్, వచ్చేసారికి మంచిగ కాకుంటే వేలు తీసేస్తమని పెద్ద డాక్టర్ చెప్పిండు. నిజమేనా?"

నిజమే. పుండు ఇంకాస్త లోతుకి వెళ్తే ఎముకకి పాకుతుందని ఆయన భయం. తలూపాను.

"వేలు పోతే నా పని పోతది మేడమ్. మేం కుర్చీల మీద కూసోని చేస్తమా? జూడున్రి, గిట్ల" అంటూ కుర్చీ దిగి, గొంతుకూర్చుని, ఒంటి బరువంతా కాలివేళ్ల మీద మోపి, కనిపించని టైల్‌ని రెండు చేతులతో నేల మీద సర్ది చూపించాడు. మునివేళ్ల మీదే ముందుకీ వెనక్కీ కదిలాడు. "బైఠో! ఊపర్ బైఠో!" అని సిస్టర్ పరుగెత్తుకొచ్చి రెక్క పట్టుకుని లేపింది. అతను కుంటుకుంటూ లేచి కూర్చున్నాడు. "గీ బొటనేలు మీదనే బతుకుతున్న మేడమ్. గీ పని దప్ప ఇంకోటి రాదు నాకు" అన్నాడు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. కోపం వచ్చినట్టు మొహం పెట్టి బయటికి వచ్చేశాను.

మర్నాడు ప్రొఫెసర్ గదిలో కూర్చున్నాం. సిస్టర్ లెక్క ప్రకారం అతను కడగడం లేదు, అబద్ధం చెబుతున్నాడు, ఇలాంటివాళ్లని చాలామందిని చూసింది. నాకు మాత్రం లోపల ఇంకో భయం. తప్పు నా జెల్‌లో ఉందేమోనని. ఆ విడతలో మిగిలిన సీసా తీసి ల్యాబ్‌లో మళ్ళీ మళ్ళీ చూశాను. వేడికి గట్టిపడుతోంది, చల్లబరిస్తే బుద్ధిగా కరుగుతోంది. ఇక మిగిలింది అతని ఒళ్లే. కందిన చర్మం చూస్తే మా ప్రోటీన్ అతనికి పడటం లేదని కూడా అనుకోవచ్చు. అలాంటప్పుడు ఆపేయడమే పద్ధతి. ఆపేస్తే మిగిలేది సర్జన్ కత్తి.

ప్రొఫెసర్ అంతా విని, "అతను కాలు కడుక్కుంటుంటే మీలో ఎవరైనా చూశారా?" అని అడిగింది.

ఎవరమూ చూడలేదు.

"అయితే చూసి రండి. ఆపేయడం ఎప్పుడైనా ఆపేయొచ్చు" అంది.

శుక్రవారం వెళ్దామనుకున్నాం. ఆ ఉదయం మా అల్ ఖువైర్ ఫ్లాట్‌లో చిన్న గలాటా జరిగింది. ఊరి నుంచి చూడ్డానికొచ్చిన మా ఆడపడుచు స్నానానికి వెళుతూ గీజర్ స్విచ్ వేసింది. వెనకాల వెళ్లిన మా ఆయన ఒళ్లు కాల్చుకుని కేకలు పెట్టారు. గల్ఫ్‌లో కాపురం ఉన్నవాళ్లకి సంగతి తెలుసు. ఎండలు ముదిరితే డాబా మీది ట్యాంకు నీళ్లు సలసలా మరుగుతుంటాయి. అందుకని ఏప్రిల్‌లోనే గీజర్ ఆపేస్తాం. నీడపట్టున, ఏసీ ఇంట్లో ఉన్న గీజర్‌లో నిలిచిన నీళ్లే ఒంటికి హాయిగా ఉంటాయి. వేసవిలో మాకు చల్లనీళ్లు వచ్చేది వేడినీళ్ల కుళాయిలోంచే. ఇదంతా ఆడపడుచుకి నేనే చేతులు తిప్పుతూ వివరించి, ఆవిడ ఆశ్చర్యపోతుంటే గొప్పగా నవ్వి, ఐస్ పెట్టెలో కొత్త సిరంజీలు, నాలుగు సెలైన్ సీసాలు సర్దుకుని, సిస్టర్‌ని కారులో ఎక్కించుకుని మబేలా బయల్దేరాను. మెదడులో ఒక గదికీ ఇంకో గదికీ తలుపు ఉండదేమో అనిపిస్తుంది ఇప్పుడు తలుచుకుంటే.

ఇద్దరు ఆడవాళ్లు వస్తున్నారని అతనూ, అతనితో ఉండేవాళ్లూ రూమ్‌ని పెళ్లివారింటిలా సర్దారు. మంచాల మీద దుప్పట్లు ముడత లేకుండా పరిచారు. అందరూ ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని గోడ వెంబడి నిలబడ్డారు. ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీ నాకు వేసి, సిస్టర్‌కి మంచం చూపించి, చాయ్ ఇచ్చారు. ఫ్రిజ్ తెరిచి చూపించాడొకతను. పై అర మొత్తం ఖాళీ చేసి, మా సిరంజీల డబ్బా ఒక్కదాన్నే అక్కడ పెట్టారు. కూర గిన్నెలన్నీ కింద ఇరుక్కుని ఉన్నాయి. "దావత్‌ల కూర పాడైన గూడ ఆ అర ముట్టనియ్యడు మేడమ్" అన్నాడు ఆ అబ్బాయి నవ్వుతూ. అశ్రద్ధ చేసే మనిషి ఇంత చేస్తాడా అని సిస్టర్ వైపు చూశాను. సిస్టర్ చాయ్ గ్లాసులోకి చూస్తోంది.

"ఎలా కడుగుతావో చూపించు తమ్ముడూ" అన్నాను.

బయట వరండా చివర బాత్‌రూమ్. తలుపు పక్కన లోపలి నీడలో పెద్ద బకెట్ల వరస. తెల్లారకముందే నీళ్లు పట్టి పెట్టుకుంటారట, డ్యూటీ నుంచి వచ్చాక స్నానానికి. అతను ఆ బకెట్లని దాటి వెళ్లి, గోడకున్న కుళాయి కింద కాలు పెట్టి, తిప్పాడు. ధార పుండు మీద పడుతోంది. అతను శ్రద్ధగా, సిస్టర్ నేర్పినట్టు, వేళ్లతో తాకకుండా నిలబడ్డాడు. జెల్ కదల్లేదు. ఇంకాస్త తెల్లబడి బిగుసుకున్నట్టు అనిపించింది.

దగ్గరికి చూద్దామని వంగి చెయ్యి చాచాను. నీళ్లు తగలగానే కెవ్వుమని చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"కాలుతున్నయా మేడమ్?" అని అతను గాభరా పడ్డాడు.

"కాలు తియ్యి! తియ్యవయ్యా బాబూ, కాలు తియ్యి ముందు!"

తీశాడు. పాదం ఎర్రగా కందిపోయి ఉంది. స్పర్శ లేని పాదం, దానికేం తెలుస్తుంది?

"నీళ్లు ఇలా కాలిపోతుంటే ఎందుకు పెట్టావు?"

అతను నన్నూ సిస్టర్‌నీ మార్చి మార్చి చూశాడు. "ఎండకాలం నల్లాల వేడినీళ్లే వస్తయి గదా మేడమ్. బకెట్ల నీళ్లు సల్లగనే ఉన్నయి. గని సిస్టర్ చెప్పింది, బకెట్ నీళ్లు ముట్టద్దు, నల్లా ఇప్పి పారే నీళ్లతోనే కడగాలె అని. పుండుకు వేడినీళ్లే మంచియేమో, ఆమెకు ఎర్కనే కావచ్చు అనుకున్న."

నిజమే, మేం చెప్పింది అదే. నిలవ నీళ్లలో క్రిములుంటాయి, కుళాయి నీళ్లతోనే కడగాలి అని. చలిదేశాల వాళ్లు రాసుకున్న పద్ధతిని చూసి మేమూ అలాగే పెట్టుకున్నాం. వాళ్ల కుళాయి తిప్పితే ఏ నెలలోనైనా చల్లనీళ్లే వస్తాయి. జనవరిలో మా కుళాయీ అంతే. ఎండలు ముదిరాక మా జెల్ వాడిన మొదటి మనిషి ఇతనే. మే నెలలో మా జెల్‌కి ఆ ధార తగిలితే ఒంటికంటే ఎక్కువ వేడి. కరగమంటే ఎలా కరుగుతుంది? ఇంకా గట్టిగా పట్టుకుని కూర్చుంది. మందంతా అయిపోయిన పాత పొర కిందే ఉండిపోయి, మీద పోసిన కొత్త మందు పుండుకి అందలేదు. దాన్ని గీకి గీకి కండ పోయింది. అతను చల్లటి నీళ్లని దాటుకుంటూ వెళ్లి, మా మాట మీద నమ్మకంతో, రోజు విడిచి రోజు కాలుతున్న నీళ్ల కింద కాలు పెట్టాడు.

సిస్టర్‌కి హిందీలో, ఇంగ్లిషులో ఏదో ఒకటి కలిపి చెప్పాను. ఆవిడ కుళాయి తిప్పి తన చెయ్యి పెట్టింది. తీసేసి, పక్కనున్న బకెట్లో ముంచింది. చీపురు పక్కన తడి నేల మీదే కూలబడి, అతని కాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. "అయ్యో సిస్టర్, బట్టలు ఖరాబైతయ్" అని అతను లాక్కోబోయాడు. ఆవిడ వదల్లేదు.

ఐస్ పెట్టెలోంచి సెలైన్ సీసా తీసి మెల్లగా ధార పోశాను. మొదటి సీసా సగమయ్యేదాకా ఏమీ కాలేదు. రూమ్‌లో వాళ్లంతా తలుపు దగ్గర గుమిగూడి ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. అంతలో అంచు దగ్గర ఒక పొర అద్దంలా మెరిసి, వదులై, నీళ్లతోపాటు జారింది. దాని వెనకే ఇంకొకటి. మా పిల్లకి నేను వచ్చానని తెలిసినట్టు, ఒక్కొక్క పొరా విడిచిపెట్టింది. మూడో సీసాకి పుండు అడుగు కనిపించింది. గీకిన చోట పచ్చిగా ఉంది. కానీ లోపల మూలగా, గోరు అందని చోట, కొత్త కండ లేతగా తొంగిచూస్తోంది.

"ఉన్నదా మేడమ్?" అన్నాడు అతను, ఏం చూడాలో తెలియక.

"ఉంది తమ్ముడూ" అన్నాను. సిస్టర్ మోచేత్తో కళ్లు తుడుచుకుని, వెంటనే తలెత్తి గుమ్మంలో వాళ్లని "క్యా దేఖ్‌రే సబ్?" అని కసిరింది. ఆవిడ మళ్ళీ మామూలు మనిషైందని అందరూ హాయిగా నవ్వారు.

ఆదివారం ప్రొఫెసర్‌కి చెప్పాను. ఆవిడ రెండు చేతుల్లో మొహం దాచుకుంది. "నేను ఖబూరాలో పుట్టినదాన్ని. మా అమ్మ ఎండాకాలం నమాజుకి కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి ముందే నీళ్లు పట్టి లోపల పెడుతుంది. మొన్న శుక్రవారం కూడా ఆ నీళ్లతోనే కడుక్కున్నాను" అంది. మా ఇంటి గీజర్ కథ నేను చెప్పాను. సిస్టర్ కూడా ఫ్లాట్‌లో అదే పని చేస్తుందట. ఇంత తెలిసినవాళ్లం ముగ్గురం ఒక బల్ల చుట్టూ కూర్చుని అతను అబద్ధం చెబుతున్నాడేమోనని మాట్లాడుకున్నాం. నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. ఆ రోజు నుంచి ప్రతి మనిషికీ జెల్‌తోపాటు ఫ్రిజ్‌లో పెట్టుకోవడానికి సెలైన్ సీసాలు ఇచ్చాం. ప్రొఫెసర్ స్వయంగా సర్జన్ దగ్గరికెళ్లి జరిగింది చెప్పి, ఇంకొంత గడువు అడిగింది. ఆయన సరే, చూద్దాం అన్నాడు.

ఆ గడువంతా నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. అతను ప్రతిసారీ జెల్ కడిగాక ఫోటో తీసి పంపేవాడు, పక్కన సెలైన్ సీసా కూడా కనిపించేలా పెట్టి. నేను అన్నం తింటూ ఫోన్ చూస్తుంటే మా ఆయన కుర్చీ పక్కకి జరుపుకునేవారు. పుండు ముందు లోతు తగ్గింది, తర్వాత వెడల్పు తగ్గింది. కంపెనీలో ఫోర్‌మన్ మంచివాడు, అతన్ని నిలబడి టైల్స్ కోసే మిషన్ దగ్గర వేశాడు. ఎండలు తగ్గుముఖం పట్టే రోజుల్లో ఒకనాడు సర్జన్ వేలిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఖలాస్, నాతో ఇక పని లేదు" అని పంపేశాడు. సిస్టర్ నాకు ఫోన్ చేసి ఆ మాట చెబుతూ ఏడ్చింది, నేను తిడుతూ ఏడ్చాను.

పిల్లలూ, మీలో రేపు ఎవరైనా ల్యాబ్ కోటు తొడుక్కుంటారు. మీ జెల్ మాదానికంటే తెలివైనదై ఉంటుంది, సందేహం లేదు. నేను చెప్పేది ఇంతే. మీరు చేసిన వస్తువు ఎవరి ఇంటికి వెళుతుందో ఆ ఇంటికి ఒకసారి వెళ్లి, వాళ్లిచ్చే చాయ్ తాగి, వాళ్ల కుళాయి కింద చెయ్యి పెట్టి రండి.

నేను రిటైరై ఇండియా వచ్చేసే ముందు, మార్చి చివర్లో, మా ఫ్లాట్ బాత్‌రూమ్‌లో ఒక టైల్ లేచిపోయింది. ఇల్లు అప్పగించేలోపు బాగుచేయించాలి. అతనికి ఫోన్ చేశాను. శుక్రవారం పొద్దున్నే సామాను సంచితో వచ్చాడు. గొంతుకూర్చుని, మునివేళ్ల మీద ముందుకి వంగి, టైల్‌ని రెండు చేతులతో సర్ది, రబ్బరు సుత్తితో చిన్నగా తట్టాడు. నేను గుమ్మంలో నిలబడి అతని చేతులు చూడకుండా కాళ్లే చూస్తున్నాను. అతను గమనించి నవ్వాడు.

"ఏం జూస్తున్నవ్ అక్కా? ఉన్నది గదా, ఏడికి బోతది!"

అప్పటిదాకా మేడమ్ అనేవాడు. అక్కా అనడం అదే మొదటిసారి. నేను ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్లిపోయాను.

పని అయ్యాక బయటికొచ్చాడు. చాయ్ తాగి, డబ్బులు వద్దంటే వద్దని, నేను తిడితే తీసుకుని, బాత్‌రూమ్‌లో కాళ్లు కడుక్కుని వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగాడు. "అక్కా, గీజర్ ఇంక ఆన్‌లనే ఉన్నది. బంద్ చేసిన. ఎండలు షురువైనయ్."

తలుపు వేసి వచ్చేసరికి మా ఆయన మాప్ పట్టుకుని హాల్లో నిలబడి ఉన్నారు. బాత్‌రూమ్ నుంచి గుమ్మందాకా తెల్లటి నేల మీద తడి అడుగులు. ఎడమ పాదం గుర్తులో బొటనవేలే అన్నిటికంటే స్పష్టంగా పడింది.

"ఉండనివ్వండి, వాటంతటవే ఆరిపోతాయి" అన్నాను.